బత్తాయి బండి అన్నకు వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా ఆయనను ఇవాళ వార్డులోకి మార్చారు. తొడలో రాడ్ వేశారు, ప్రాణానికి భయం లేదన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నిద్ర లేక రాస్తున్నది, తప్పులుంటే సర్దుకోండి.

రాత్రిపూట నల్గొండ నుంచి మిర్యాలగూడ వస్తుంటే మాడుగులపల్లి దాటినాక ఏదో కారు బైక్‌ను గుద్ది ఆగకుండా పోయింది. ఎంతమంది చూసుకుంటూ పోయారో దేవునికే ఎరుక. ఆగింది ఒక డీసీఎం వ్యాను. బత్తాయి లోడుతో హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతున్న అన్న. తన తువ్వాలతో మా ఆయన తొడ బిగించి కట్టి, క్యాబిన్‌లో పడుకోబెట్టి నల్గొండ తెచ్చాడు. నాకు ఫోన్ చేసింది కూడా ఆయనే. "మాట్లాడుతుండు చెల్లె, నిమ్మళంగ రా" అన్నాడు.

దారి పొడవునా నా మనసులో బైబిల్లోని షద్రకు, మేషాకు, అబేద్నెగోలే. మా దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అని, అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజు మొహం మీదే అన్నారు ఆ ముగ్గురు. సండే స్కూల్ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. "రక్షించు ప్రభువా" అని నూరుసార్లు అన్నాను గానీ "రక్షించకపోయినా" అన్న మాట గొంతు దాటలేదు.

క్యాజువాలిటీ బయట ఆ అన్న నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా రక్తం, చేతిలో ఒక కవరు. అందులో మా ఆయన చెప్పులు. ఒకటి రోడ్డు మీద, ఒకటి పక్కన తుమ్మచెట్ల కింద దొరికిందట. మట్టి కడిగి ఉన్నాయి. "రేపు నడిచి ఇంటికి పోవాలె గద చెల్లె, చెప్పుల్లేకుంట ఎట్ల పోతడు" అన్నాడు. అప్పటిదాకా కంట చుక్క రానిదాన్ని, ఆ కవరు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. డాక్టర్లు ఇంకా ఒక్క మాట చెప్పలేదు. నడుస్తాడని నమ్మింది ఆయన ఒక్కడే. ఆయన బండి అద్దం మీద ఆంజనేయస్వామి బొమ్మ ఉంది. దేవుడు తనకిష్టమైన చేతితో పంపుతాడు, మన సంఘంలో ఎవరికైనా అభ్యంతరముంటే నాతో మాట్లాడండి.

అంత చేసినాయనను పోలీసులు తెల్లారేదాకా కూర్చోబెట్టి అడిగిందే అడిగారు. సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని కూడా బలవంతపెట్టొద్దని 2020 నుంచి రూలు ఉంది. ఇక ఇట్లయితే రేపు రోడ్డు మీద ఎవరు ఆగుతారు? ఆ పొద్దు మార్కెట్ తప్పిపోయింది ఆయనకు. ఆసుపత్రి కౌంటర్‌లోనూ అంతే. రోడ్డు ప్రమాదమైతే ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు ఉచిత వైద్యమని కేంద్రం 2025 మేలో స్కీమ్ తెచ్చింది. అడిగితే "మాకు తెల్వదు, ముందు డిపాజిట్ కట్టండి" అన్నారు. నా గాజులు కుదువకు పోయాయి.

డీజిల్ డబ్బులైనా తీసుకోమంటే అన్న తీసుకోలేదు. "మంచిగైనంక ఒక చాయ్ తాపియ్యి" అని వెళ్లిపోయాడు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు.

మా అన్నావదినలు, అత్తమ్మ ఉండనే ఉన్నారు. రక్తం ఇచ్చిన సంఘం యూత్‌కు, రాత్రంతా ప్రార్థనలో ఉన్న అయ్యగారికి, అమ్మగారికి వందనాలు. అయ్యో, చీకట్లో సెల్ లైట్ వేసి ఆ చెప్పులు వెతికింది క్లీనర్ పిల్లగాడు, వాడిని మరిచేపోయాను. వార్డులో ఆయమ్మ కూడా. పిల్లలకు అన్నం పెట్టి బడికి పంపుతున్న పక్కింటి వదిన కూడా. మిల్లు సేటు అడగకముందే రెండు నెలల జీతం పంపాడు, ఆయన పేరెత్తకపోతే మా ఆయన ఊరుకోడు.