వాన నీళ్లు తాగేవాళ్లు పరీక్ష కూడా చేసుకోవాలి

సంపాదకులకు,

వానలు మొదలయ్యాయంటే మీ సిటీ పేజీలో ఇంకుడు గుంతల గురించి వార్తలు వస్తాయి. రావాల్సిందే. కానీ డాబా మీద పడిన వాన నీటిని సంపులో పట్టి తాగే మాలాంటి వాళ్లకు పనికొచ్చే ముక్క ఎక్కడా కనబడదు. కిందటేడు మా ఇంట్లో జరిగింది చెబితే కొందరైనా జాగ్రత్త పడతారని రాస్తున్నాను.

మాది అల్వాల్. డాబా 900 చదరపు అడుగులు. మన హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వృథా పోయింది పోగా మా ఒక్క డాబా మీదే 50 వేల లీటర్లకు పైగా దొరుకుతాయి. మా బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు. అందుకని నాలుగేళ్ల కిందట వాన నీటికి విడిగా 6 వేల లీటర్ల సంపు కట్టించాం.

కిందటి ఆగస్టులో వారం తేడాతో మనవడికీ, మా ఇంటాయనకీ విరేచనాలు పట్టుకున్నాయి. ఏ నీళ్లు తాగుతున్నారని డాక్టరు అడిగితే, వాన నీళ్లేనండీ అని ధీమాగా చెప్పాను. చూస్తే తేటగా ఉన్నాయి. టీడీఎస్ మీటరు పెడితే 28 చూపించింది. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలను చూపిస్తుంది తప్ప క్రిములను కాదు. బడిలో ముప్పై ఏళ్లు సైన్స్ చెప్పినా, ఆ సంగతి నాకు ఇంటికొచ్చాక గాని తట్టలేదు.

కోఠిలో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో నీళ్లలో క్రిములున్నాయో లేదో చూసే హెచ్‌టూఎస్ సీసాలు తెచ్చాను. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి, ఇంట్లోనే ఓ మూల ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలం నుంచి వచ్చే బాక్టీరియా ఉంటే నీళ్లు నల్లబడతాయి. మా సీసా మర్నాటికే నల్లగా మారింది. దాన్ని చూసి నాకు చేతులు ఆడలేదు. ఆ నీళ్లే కదా పిల్లాడికి గ్లాసులో పోసి ఇచ్చింది!

కారణం వెతుకుతూ డాబా ఎక్కాం. పక్క గోడ మీద ఎవరో రోజూ పావురాలకు జొన్నలు వేస్తారు. వాటి రెట్టంతా మా డాబా మీదే. అసలు తప్పు మాత్రం పైపులో ఉంది. మొదటి వాన మురికిని పక్కకు పంపాలని ప్లంబరు నాలుగు అంగుళాల పైపు మూడు అడుగులు పెట్టి, కింద మూత బిగించి వెళ్లాడు. అందులో పట్టేది ఏడు లీటర్లు. మా డాబా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితేనే 84 లీటర్లు! పైగా వానకీ వానకీ మధ్యలో ఆ మూత తీసి ఖాళీ చేయాలని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ మిగతా మురికంతా బొగ్గు, ఇసుక ఫిల్టరు మీదికే పోయింది. ఆ బొగ్గేమో కట్టించిన నాటిది.

పైపు తీసేసి 200 లీటర్ల డ్రమ్ము పెట్టించాం. అది నిండాకే నీళ్లు ఫిల్టరుకు వెళ్తాయి. అడుగున కొళాయి బొట్టు బొట్టుగా కారేలా వదిలితే తర్వాతి వానకు దానంతటదే ఖాళీ అవుతుంది. సంపు కడిగించాం, బొగ్గు మార్పించాం, గాలి పైపు మీద చిరిగిన జాలీ స్థానంలో దోమ దూరనంత సన్నటిది వేయించాం. వానకు ముందు డాబా ఊడ్వడం ఇప్పుడు నా పని.

బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున వేస్తాను. ముందు బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంపులో పోయాలి. తేమ తగిలి గడ్డకట్టిన పాత పొడికి బలం ఉండదు. గంట ఆగి, క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఒక్క మాట: హెచ్‌టూఎస్ సీసాలో క్లోరిన్ కలిపిన నీళ్లు పోస్తే ఫలితాన్ని నమ్మలేం. అందుకే బ్లీచింగ్ వేయకముందే సీసా నింపుతాను, వానాకాలంలో నెలకోసారి. సీసా నల్లబడకపోయినా ఏడాదికి ఒకసారి ల్యాబ్‌లో ఈ.కోలై (మలం నుంచి వచ్చే బాక్టీరియా) పరీక్ష చేయిస్తాను. పసిపిల్లలున్న ఇంట్లో కాచిన నీళ్లే తాగించడం మంచిది.

వాటర్ బోర్డు వారికి నా విన్నపం ఒకటే. వార్డు స్థాయిలో ఈ సీసాలు తక్కువ ధరకు దొరికేలా చేయండి. నల్లా నీళ్లతో పాటు ఇళ్లలో పట్టిన వాన నీటిని కూడా పరీక్షించి ఇవ్వండి. సంపాదకులు మీరు కూడా పేపర్లో ఇంకుడు గుంత బొమ్మ పక్కన మొదటి వాన డ్రమ్ము బొమ్మ ఒకటి వేయండి. డాబా వైశాల్యాన్ని బట్టి అది ఎన్ని లీటర్లుండాలో కింద రాస్తే ప్లంబర్లకూ తెలుస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్,
అల్వాల్, హైదరాబాద్