చలాన్లు: కట్టనివాళ్లకేనా కనికరం?

సంపాదకులకు,

పెండింగ్ ట్రాఫిక్ చలాన్లపై మళ్లీ రాయితీ వస్తోందంటూ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు తరచూ పెడుతూనే ఉంటారు. చాలాసార్లు అది పుకారే. అయినా జనం నమ్ముతారు, నమ్మక ఏం చేస్తారు? 2022 మార్చిలో తెలంగాణలో బైకులు, ఆటోల చలాన్లపై 75 శాతం, కార్ల చలాన్లపై 50 శాతం మాఫీ చేశారు. మాస్కు పెట్టుకోలేదని వేసిన వెయ్యి రూపాయల జరిమానా వందతో తీరిపోయింది. రెండేళ్లు తిరక్కుండానే 2023 డిసెంబరు చివర్లో మరో విడత పెట్టారు. ఈసారి బైకులకు 80 శాతం, కార్లు, లారీలకు 60 శాతం. జనవరి 10తో ముగియాల్సిన గడువును ఫిబ్రవరి దాకా లాగారు. ఇదంతా చూశాక, మెసేజ్ రాగానే చలానా కట్టేసేవాణ్ని అమాయకుడి కింద జమకడుతున్నారు. "అంత తొందరేంటి సార్, ఆఫర్ వచ్చాక కట్టుకోవచ్చు కదా" అని మా వీధిలో ఒకాయన నాకు సలహా కూడా ఇచ్చాడు.

చట్టం కాస్త మెత్తగా ఉండకూడదని నేననను. 2019లో కేంద్రం మోటారు వాహనాల చట్టాన్ని సవరించి హెల్మెట్ లేకపోతే జరిమానా వెయ్యి రూపాయలు చేసింది. బైకు మీద సరుకు చేరవేసేవాడికో, అడ్డా మీద కూలీకో వెయ్యి అంటే మాటలా? గుజరాత్ వెంటనే దాన్ని 500కి తగ్గించింది. మన దగ్గర ఆ పెంపును అప్పట్లో అమలే చేయలేదు. అది కూడా కనికరమే, పైగా బాహాటంగా చేసింది. జరిమానా ఇంతే అని ముందే చెప్పారు, అది అందరికీ ఒకటే. రాయితీ సంగతి అలా కాదు. వేసేటప్పుడు ఒక లెక్క, వసూలుకు ఇంకో లెక్క. రెండో లెక్క ఎగ్గొట్టి కూర్చున్నవాళ్లకు మాత్రమే.

ఆస్తిపన్నులోనూ ఇదే తంతు. ఏప్రిల్‌లోనే కట్టేవాళ్లకు జీహెచ్ఎంసీ ఇచ్చే తగ్గింపు 5 శాతం. ఏళ్ల తరబడి కట్టనివాళ్లకు వన్ టైమ్ సెటిల్‌మెంట్ పెట్టినప్పుడు బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ. వడ్డీ వేరు, పన్ను వేరు, నిజమే. కానీ చూసేవాడికి ఎటువైపు ఉంటే లాభమో తెలిసిపోతోంది కదా.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. మాస్కు జరిమానా సంగతి వదిలేస్తే, ఈ రాయితీల్లో తగ్గింపు బండిని బట్టే తప్ప తప్పును బట్టి లేదు. దుకాణం ముందు రెండు నిమిషాలు స్కూటర్ ఆపినవాడికీ, రెడ్ సిగ్నల్ దాటి దూసుకుపోయినవాడికీ అదే 80 శాతం. ఉప్పల్ వైపు సాయంత్రం పూట నిలబడి చూడండి. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు వరస కట్టి ఉంటాయి. హెల్మెట్ ఉంటుంది, కానీ అద్దానికి వేలాడుతూ. కెమెరా పట్టుకున్న కానిస్టేబుల్ కనపడగానే వెనక కూర్చున్న కుర్రాడు చెయ్యి చాచి నంబర్ ప్లేటు మూసేస్తాడు. కొందరు ఆ శ్రమ కూడా లేకుండా ప్లేటును పైకి వంచేసుకున్నారు. చలానా అంటే భయం లేదు, ఫొటో తప్పించుకోవడం ఒక ఆట అయిపోయింది.

అదే మనిషి పార్టీకి వెళ్తే బండి ఇంట్లో పెట్టి క్యాబ్ బుక్ చేసుకుంటాడు! డ్రంక్ అండ్ డ్రైవ్‌కు ఆఫర్ లేదని వాడికి తెలుసు. రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కోర్టు మెట్లెక్కాలి. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే అవకాశం ఉంది. శిక్ష పెద్దది కావడం ఒక కారణం. తప్పించుకునే దారి లేకపోవడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

రాయితీ వల్ల ఇంకో నష్టం ఎవరూ పట్టించుకోవడం లేదు. వేరే బండి ఫొటోతో మన నంబరుకు చలానా రావడం కొత్తేమీ కాదు. అలాంటప్పుడు ఫిర్యాదు చేసి, స్టేషన్ చుట్టూ తిరిగి దాన్ని తీయించుకునే బదులు, ఆఫర్‌లో రెండొందలు పారేసి వదిలించుకుందాం అనుకుంటారు. చేయని తప్పుకు డబ్బు కట్టేస్తాడు, వేసినవాళ్ల తప్పు మాత్రం ఎక్కడా లెక్కకు రాదు. ఖజానాకు వచ్చిన వందల కోట్లలో ఇలాంటి సొమ్ము ఎంతో!

కనికరం చూపాలనుకుంటే ముందు చూపండి. పదిహేను రోజుల్లో కట్టినవాడికి సగం తగ్గించండి. మొదటిసారి దొరికినవాణ్ని హెచ్చరించి వదిలేయండి. తోపుడు బండ్లవాళ్లకు జరిమానాయే నామమాత్రం చేయండి. సిగ్నల్ జంపింగ్, రాంగ్ రూట్, మైనర్లకు బండి ఇవ్వడం లాంటి ప్రాణాల మీదకు తెచ్చే తప్పులకు మాత్రం ఏ విడతలోనూ మాఫీ ఉండదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. తప్పుడు చలానాపై ఫిర్యాదు చేస్తే ఫలానా గడువులోగా తేల్చాలని, తేల్చకపోతే ఆ చలానా దానంతట అదే రద్దవుతుందని అదే ఉత్తర్వులో ఒక వాక్యం చేరిస్తే ఇంకా మంచిది.

— ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్