హీట్ ఎక్స్‌చేంజర్ కొనేముందు బోరు నీటి రిపోర్టు చూడండి

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి పారిశ్రామిక నోడ్‌లకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి భూములు, కరెంటు, ఉద్యోగాల గురించి పత్రికల్లో చాలా చర్చ జరిగింది. రసాయన యూనిట్లు వచ్చేట్టయితే ఇంకొక సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. హీట్ ఎక్స్‌చేంజర్ అంటే ట్యూబుల గోడ గుండా ఒక ద్రవం వేడిని ఇంకో ద్రవానికి పంపే పరికరం. యాసిడ్‌నో కాస్టిక్ సోడా ద్రావణాన్నో చల్లబరిచే ఎక్స్‌చేంజర్‌లో ఆ గోడ మందం చాలాచోట్ల 1.65 మిల్లీమీటర్లు, మహా అయితే 2.11. ఒక పక్క యాసిడ్, ఇంకో పక్క కూలింగ్ టవర్ నీళ్లు. ఆ గోడకు చిల్లు పడితే యాసిడ్ కూలింగ్ నీళ్లలో కలుస్తుంది, టవర్ నుంచి బయటికి వదిలే చిక్కబడ్డ నీళ్లతో (బ్లోడౌన్) పాటు మురుగు కాలువలో పడుతుంది. కర్నూలులో అయితే ఆ కాలువ చివర హంద్రీ, తుంగభద్ర ఉన్నాయి. కాబట్టి ఆ ట్యూబు దేనితో చేశారో అడిగే హక్కు ఊరికి కూడా ఉంది.

యాసిడ్ వైపు ఏ లోహం కావాలో కొనేవాళ్లు ఎంతో కొంత ఆలోచిస్తారు. నీటి వైపు మాత్రం ఎవరూ చూడరు. మా అభిప్రాయంలో రాయలసీమలో అసలు ప్రమాదం అక్కడే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 1000 వరకు ఒప్పుకుంటారు. సరిగ్గా 250 ఉన్న మంచి బోరు నీళ్లనే తీసుకున్నా, కూలింగ్ టవర్‌లో ఆవిరై నాలుగింతలు చిక్కబడితే 1000 అవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు వాడుకలో ఉన్న క్లోరైడ్ హద్దులు ఇవి: 304 రకానికి సుమారు 200, 316 రకానికి సుమారు 1000. అవి కూడా చల్లటి, శుభ్రమైన, కదులుతున్న నీళ్లకే. వేడి ట్యూబు గోడ మీద ఆ హద్దు బాగా కిందికి దిగుతుంది. గోడ వేడి 60 డిగ్రీలు దాటితే లోహంలో చిన్న గుంటలు పడడంతో ఆగదు, ట్యూబు పగులుతుంది. లెక్కలో చూడాల్సింది గోడ ఉష్ణోగ్రతను. నీళ్లు 38 డిగ్రీల దగ్గర బయటికి వస్తున్నాయి కదా అని ధీమా పడితే లాభం లేదు.

బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొలుసే ట్యూబుల మీదా పడుతుంది. దాని కింద నీళ్లు కదలవు, క్లోరైడ్ పోగవుతుంది, అక్కడే చిల్లు మొదలవుతుంది. ముందుజాగ్రత్త అనుకుని వేడి మారే ట్యూబుల విస్తీర్ణం అవసరానికి మించి పెంచుకుంటూ పోతే ఈ బాధ ఇంకా ఎక్కువవుతుంది. ట్యూబుల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కో ట్యూబులో నీటి వేగం పడిపోతుంది. సెకనుకు 1 మీటరు కంటే తగ్గితే ఒండ్రు దిగడం ఖాయం. నిలువుగా నిలబెట్టే కండెన్సర్లలో నీళ్లు షెల్ వైపు, అంటే ట్యూబుల బయట, పెడితే పై ట్యూబ్‌షీట్ (ట్యూబుల చివరలు బిగించే పళ్లెం) కింద గాలి నిలిచిపోతుంది. అక్కడ ట్యూబులు తడిసి ఆరి, తడిసి ఆరి, ఉప్పు పేరుకుని పగులుతాయి. పై ట్యూబ్‌షీట్‌కు ఆనుకుని గాలి పోయే ఒక వెంట్ పెట్టించుకుంటే ఇది చాలావరకు ఆగుతుంది. డ్రాయింగ్ దశలో దానికయ్యే ఖర్చు చెప్పుకోదగ్గది కూడా కాదు.

ఇక ద్రవం సంగతి. అన్నింటికీ సరిపోయే లోహం లేదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు 316 కూడా పనికిరాదు. దానికి రెసిన్ పట్టించిన గ్రాఫైట్ మంచిది. అదే గ్రాఫైట్ గాఢ కాస్టిక్‌కు, నైట్రిక్ యాసిడ్‌కు పనికిరాదు. పెళుసు కూడా, స్టీమ్ వాల్వు ఒక్కసారిగా తెరిస్తే బ్లాకు పగలొచ్చు. ఉప్పు నీళ్లలోంచి కరెంటుతో క్లోరిన్ తీసే సెల్ నుంచి వచ్చే వేడి తడి క్లోరిన్‌కు టైటానియం ఎంతో నమ్మకమైనది. ఆరబెట్టిన క్లోరిన్ తగిలితే అదే టైటానియం అంటుకుని మండుతుంది. అక్కడ మామూలు కార్బన్ స్టీలే సరైనది, తేమ చేరనంతవరకు. 32 శాతం కాస్టిక్‌ను 50 శాతానికి చిక్కబరిచే వేడి దశలో నికెల్ వాడాలి. అక్కడ కార్బన్ స్టీల్ పెడితే వెల్డింగుల దగ్గర పగుళ్లు వస్తాయి. వేరే ప్రక్రియలో ఉప ఉత్పత్తిగా వచ్చే యాసిడ్ అయితే ఇంకా జాగ్రత్త. అందులో కొద్దిపాటి ఫ్లోరైడ్ ఉన్నా టైటానియం, టాంటలం, గ్లాస్ లైనింగ్ తింటుంది. సాల్వెంట్ ఉంటే రబ్బరు గాస్కెట్లు ఉబ్బుతాయి. ఎంక్వైరీలో ‘30 శాతం యాసిడ్’ అని ఒక్క ముక్క రాసి పంపితే అమ్మేవాడికి ఇవేవీ తెలిసే దారి లేదు.

ఏ వైపు ఒత్తిడి ఎక్కువుండాలో కూడా ముందే తేల్చుకోవాలి. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లోకి నీళ్లు కారితే ఆ యాసిడ్ వేడెక్కి, పలచబడి, మిగిలిన ట్యూబులను ఇంకా వేగంగా తింటుంది. యాసిడే నీళ్లలోకి కారితే ఊరికి ముప్పు. రెండోది జరిగే అవకాశం ఉన్న ప్రతి ఎక్స్‌చేంజర్‌కూ నీళ్లు బయటికి వచ్చే లైనులో యాసిడ్ కలిస్తే పట్టిచ్చే పీహెచ్, కండక్టివిటీ మీటర్లు, అలారం ఉండి తీరాలి.

కొన్న తర్వాత చేసే తప్పులు రెండు. హైడ్రోటెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చేసే పరీక్ష) బోరు నీళ్లతో చేసి, ఆరబెట్టకుండా నెలల తరబడి షెడ్డులో వదిలేస్తారు. ప్లాంటు మొదలుకాకముందే స్టెయిన్‌లెస్ ట్యూబుల్లో గుంటలు పడి ఉంటాయి. టెస్టు నీళ్లలో క్లోరైడ్ 50 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, పరీక్ష కాగానే వాటిని వంపేసి వేడి గాలితో ఆరబెట్టాలి. రెండోది, లోహాన్ని చేతి ఎక్స్‌రే గన్‌తో చూసి 316ఎల్ (కార్బన్ తక్కువుండే 316 రకం) అని సంతకం పెట్టేస్తారు. కార్బన్‌ను కొలవడం ఆ గన్ వల్ల కాదు, కాబట్టి 316కూ 316ఎల్‌కూ తేడా దానికి తెలియదు. మిల్లు సర్టిఫికెట్‌లోని హీట్ నంబరును (లోహం ఏ విడతలో కరిగించారో చెప్పే నంబరు) లోహం మీది ముద్రతో పోల్చి చూడాలి.

మరమ్మతుకు వచ్చే కాంట్రాక్టు కార్మికుల ప్రాణాల విషయం అన్నిటికంటే ముఖ్యం. సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉన్న కార్బన్ స్టీల్ ఎక్స్‌చేంజర్‌ను కాసిని నీళ్లతో కడిగి వదిలితే పలచబడిన యాసిడ్ ఇనుమును తింటూ హైడ్రోజన్‌ను వదులుతుంది. దాని మీద వెల్డింగ్ చేస్తే పేలుతుంది. యాసిడ్ పూర్తిగా దింపి, ధారాళమైన నీళ్లతో కడిగి, సోడాతో తటస్థం చేసి, గ్యాస్ మీటరుతో చూశాకే వెల్డింగ్ లాంటి పనులకు అనుమతి (హాట్ వర్క్ పర్మిట్) ఇవ్వాలి.

టెండరులో తక్కువ ధరకే ఓటు వేసినన్నాళ్లు ఇవన్నీ కాగితం మీదే ఉంటాయి. సంవత్సరానికి అర మిల్లీమీటరు అరిగే లోహంతో చేసిన 1.65 మిల్లీమీటర్ల ట్యూబు సుమారు మూడేళ్లకే కారుతుంది. ధరలు పోల్చేటప్పుడు పదేళ్లలో మార్చే ట్యూబులు, ఆగే ఉత్పత్తి కూడా కలిపి లెక్కేయాలి.

కాలుష్య నియంత్రణ మండలికి, ఫ్యాక్టరీల శాఖకు మా విన్నపం ఒకటే. ఓర్వకల్లు, కొప్పర్తిలో రసాయన యూనిట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు ప్రతి యాసిడ్, కాస్టిక్, క్లోరిన్ ఎక్స్‌చేంజర్‌కూ మూడు కాగితాలు అడగండి: ద్రవం పూర్తి విశ్లేషణ, ఎండాకాలంలో వాడబోయే నీటి రిపోర్టు టవర్‌లో చిక్కబడ్డాక వచ్చే లెక్కతో సహా, లీకు పట్టే మీటర్లు ఎక్కడెక్కడ పెట్టారో చూపే డ్రాయింగ్. ఆ తర్వాత ఏటా చిల్లు పడి ఎన్ని ట్యూబులు మూసేశారో ఆ లెక్క కూడా తెప్పించుకోండి.

ఇట్లు,
రసాయన పరిశ్రమల మెయింటెనెన్స్ ఇంజినీర్లు కొందరు,
కర్నూలు