మండి బజార్ టైలర్ భాయ్‌కి మా ఇంటోళ్ల షుక్రియా

అందరికీ నమస్తే, సలాం. మొన్నటి రంజాన్ల జరిగిన ముచ్చట ఇది, ఇన్ని రోజులు రాయకపోవుడు నాదే తప్పు.

అమ్మను తీస్కొని వరంగల్ మండి బజార్ల నడుస్తుంటే ఎనకనుంచి బైకొకటి తాకిచ్చి ఆగకుంటనే పోయింది, అమ్మ ఎడమ చెయ్యి మీద పడ్డది, నాకైతే కాళ్లు చేతులు ఆడలే. చుట్టూ నలుగురు నిలవడ్డరు గని ముందుకొచ్చింది పక్క షాపుల కుడుతున్న టైలర్ భాయ్. వచ్చి అమ్మను ముట్టుకోలే, ముందుగాల ఇంట్లకు కేకేసి భార్యను పిలిచిండు. ఆమె అమ్మ చీర సర్ది, తన దుపట్టా మడిచి చేతికి జోలె లెక్క కట్టి మెల్లగ లేపింది. అంత ఆగమాగంల గూడ మా అమ్మ మర్యాద ఆలోచించిండు సూడుర్రి, కొడుకునై ఉండి నాకు తట్టలే.

ఆటో ఎక్కిస్తుంటే ఎనక బండాయన దారి ఇడువమని నోటికొచ్చినట్టు తిట్టిండు. నేనైతే గల్లా పట్టేటోన్నే. భాయ్ మాత్రం "నేను రోజా ఉన్న భయ్యా" అన్నడు, గంతే. అప్పుడు సమజ్ కాలే. తర్వాత మా ఆఫీసుల ముస్లిం దోస్త్ చెప్పిండు, ఉపవాసంల ఎవడన్న తిట్టినా కొట్లాటకొచ్చినా 'నేను ఉపవాసం ఉన్న' అని ఊకోమని ప్రవక్త చెప్పిన మాట బుఖారీ అనే హదీసుల (ప్రవక్త మాటల) కితాబ్‌ల ఉందట. మా ఇండ్లల్ల పిల్లలకు నమాజుతోని పాటు నేర్పే అఖ్లాఖ్, అంటే మంచి నడవడిక, ఇదే అన్నడు.

హాస్పిటల్ల ఎక్స్‌రే కాడ లైన్ల ఉండంగనే మగ్రిబ్ అయింది, అంటే పొద్దుగూకి రోజా ఇడిచే యాళ్ల. భాయ్ జేబులకెళ్లి కాగితంల చుట్టిన ఒక్క ఖర్జూరం తీసి, సగం నాకిచ్చి, సగం తిని, నా బాటిల్ నీళ్లు తాగిండు. మెడల కొలత టేపు ఇంకా అట్లనే ఏలాడుతుంది.

ఆటో కిరాయి గూడ తీస్కోలే. పోస్టు పెడ్త అంటే "వద్దు, కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెల్వద్దంటది మా హదీసు" అన్నడు. అందుకే పేరు, గల్లీ రాస్తలేను. కని మనుషులకు థాంక్స్ చెప్పనోడు అల్లాహ్‌కు చెప్పనట్టే అని ఇంకో హదీసు గూడ ఉందట, అబూ దావూద్ అనే కితాబ్‌ల. నేను దాన్ని పట్టుకున్న భాయ్, ఏమనుకోకు. జజాకల్లాహు ఖైర్, అల్లాహ్ నీకు మంచి ఫలం ఇయ్యాలె (తప్పు రాస్తే మాఫ్ చెయ్యి). వదినకు గూడ, ఆమె దుపట్టా ఉతికి ఇస్త్రీ చేసి పెట్టినం.

మొన్న కట్టు ఇప్పిర్రు. ఇంటికి రాంగనే అమ్మ బీరువాలకెళ్లి జాకెట్ ముక్క తీసి భాయ్‌కి కుట్ట ఇచ్చిరాపో అన్నది. ఆయన జెంట్స్ టైలరే అమ్మా అంటే, అయితే మీ బాపుకు ప్యాంటు బట్ట కొనుకరా అంటుంది.