అది జలకాలాట కాదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో మావటీల మీద మీరు వేసిన రంగుల పేజీని ఎవరైనా సరిదిద్దుతారేమోనని చూశాను. దానికి బదులు బుధవారం ఒకాయన 'ఇంత సరదా ఉద్యోగమైతే ఐటీ మానేసి పోతా' అని లేఖ రాశారు. ఇక ఊరుకోలేకపోయాను.

కర్ణాటకలోని దుబారె ఏనుగుల శిబిరం దగ్గర కావేరిలో ఏనుగు పక్కకి ఒరిగి పడుకోవడం, మావటి పైకెక్కి రుద్దడం మీకు ఆటలా కనబడింది. అది ఆ రోజు వైద్య పరీక్షండీ. కొబ్బరి పీచుతో రుద్దేది మట్టి వదలడానికే కాదు, బురద కింద దాగిన గొలుసు ఒరుపు, ముల్లు, చీముగడ్డ చేతికి తగలాలని. ముందు కాళ్లకి ఐదేసి, వెనక కాళ్లకి మామూలుగా నాలుగేసి గోళ్లు. ఏది చీలిందో చూడాలి. అరికాలు ఎత్తించి రాళ్లు తీయాలి. తడి సిమెంటు మీద రోజూ నిలబెడితే పాదం కుళ్లుతుంది. కణత దగ్గర జిడ్డు కారుతోందంటే మదం మొదలైనట్టే, మగ ఏనుగుని పనిలోంచి తప్పించి కట్టేయాల్సిందే. ఒకే పక్కన ఎక్కువసేపు పడుకోబెడితే సొంత బరువుకే ఊపిరాడదు. ఇన్ని చూసుకునే మనిషి చుట్టూ, శని ఆదివారాలు మన బెంగళూరు నుంచి వెళ్లినవాళ్లు సెల్ఫీలకి మూగుతారు. టికెట్టు కొట్టి పంపేవాళ్లని ఏమనాలి?

రాత్రి అడవిలోకి వదిలిన ఏనుగు కాలికి పొడవాటి గొలుసు ఉంటుంది. పొద్దున్నే మావటి, అతని సహాయకుడు కావాడి ఆ గొలుసు ఈడ్చిన గీత పట్టుకుని వెతుక్కుంటూ పోవాలి. దారిలో లద్దె విరిచి చూస్తారు. గడ్డి నలక్కుండా పొడుగ్గా ఉందంటే దవడ పళ్లు అరిగాయని. అసలు లద్దే పడలేదంటే కడుపు ఉబ్బిందేమోనని ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర ఉండదు. రోజుకి 150 కిలోలకి పైనే పచ్చిమేత, ఆపైన రాగిముద్దలు. ముద్ద ఆరకుండా పెట్టి నోరు కాల్చారో, మర్నాడు మూతి తిప్పేస్తుంది. బెల్లంలో దాచిన మాత్ర చేదు తగిలితే ఊసేసి, ఆనక ఉత్త బెల్లం పెట్టినా అనుమానమే. మీరన్న సరదా ఉంటే గింటే ఇక్కడుంది.

అన్నట్టు, 2025 మే 21న విధానసౌధ దగ్గర ఆంధ్రకి అప్పగించిన నాలుగు కుంకీల్లోని (అడవి ఏనుగుల్ని పట్టడానికి, తరమడానికి మచ్చిక చేసిన ఏనుగులు) అభిమన్యు వేరు, 2020 నుంచి మైసూరు దసరాలో అంబారీ మోస్తూ వచ్చిన అభిమన్యు వేరు. మీ పేజీలో రెండూ ఒకటైపోయాయి. జీపులైతే తాళాలిచ్చి పంపేయొచ్చు. కొత్త మావటి కాలి బొటనవేలు చెవి వెనక ఎంత ఒత్తితే కదలాలో ఏనుగుకి అలవాటవ్వాలంటే నెలలు పడుతుంది. చప్పట్లు కొట్టినవాళ్లకి అది పట్టిందా?

పెద్దల తెలివికి అర్జున అనే ఏనుగే సాక్ష్యం. 2012 నుంచి 2019 దాకా అంబారీ మోశాక, అరవై దాటిందని తప్పించారు. అదే ఏనుగుని 2023 డిసెంబరులో హాసన్ జిల్లాలో అడవి ఏనుగుని పట్టడానికి తోలారు. అక్కడే చచ్చిపోయింది. ఊరేగింపుకి ముసలిది, పోట్లాటకి కుర్రది!

వచ్చే దసరాకీ అంబారీ 750 కిలోలని తప్పకుండా రాస్తారు. దాని పక్కన నడిచే కావాడికి నెలకి ఎంతిస్తున్నారో ఈసారి అటవీశాఖని అడిగి, అదీ వేయండి.

— ఒక పాఠకుడు, బెంగళూరు