తెలుగులో ఉంటే చాలదు, తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ప్రకటనలు, బ్యాంకు నోటీసులు, బీమా పత్రాలు తెలుగులో ఉన్నా, చదవడం బాగా వచ్చినవాళ్లే పక్కవాళ్లను అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. సరళం చేయమంటే పెద్ద పదం తీసి చిన్న పదం పెడతారు, వాక్యాన్ని మాత్రం ముట్టుకోరు.

సులువుగా అర్థమయ్యేదాన్ని చెప్పడానికి మనకు బోలెడు మాటలున్నాయి. అన్నీ ఒకటే అనుకుని వాడేస్తాం. పుట్టుక చూస్తే దేని పని దానిదే. సరళం అంటే మొదట వంకర లేనిదని అర్థం, అంటే అది వాక్యం నడకకు సంబంధించింది. స్పష్టం చూడటాన్ని చెప్పే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. విషయం అనుమానం లేకుండా కనబడాలి. సుబోధం చదివేవాళ్ల వైపు నుంచి పుట్టిన మాట, వాళ్లకు బోధపడిందా లేదా అన్నదే లెక్క. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మన అచ్చ తెలుగు తేటతెల్లం. మడ్డి అడుక్కి దిగాక పైన నిలిచే శుభ్రమైన నీరు తేట. తెలుపు, తెల్లవారడం, తెలియడం, తెలివి అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవే. తెల్లవారడానికీ తెలియడానికీ మన పూర్వీకులు తేడా చూడలేదన్నమాట, ఎంత గొప్ప ఊహ! వీటికి ఎదురుగా నిలిచే జటిలం జడలు కట్టిన జుట్టు నుంచి, క్లిష్టం బాధ పెట్టడం నుంచి వచ్చాయి. నోటీసు చేతికందినవాళ్లకు ఆ రెండూ అనుభవమే.

'నిర్ణీత గడువులోగా రుసుము చెల్లించబడని యెడల దరఖాస్తు తిరస్కరించబడును' అనే తరహా వాక్యం చూడండి. రుసుము బదులు ఫీజు అని రాసినంత మాత్రాన ఇది బాగుపడదు. గడువు ఏ తేదీ? కట్టాల్సింది ఎవరు? తిరస్కరించేది ఎవరు? 'బడును' అన్న చోటల్లా మనిషి మాయమవుతాడు. 'ఈ నెల 20లోపు మీరు ఫీజు కట్టకపోతే మీ దరఖాస్తు తీసుకోం' అంటే సరిపోతుంది. మర్యాద ఏమీ తగ్గదు, చట్టబలమూ పోదు.

అమెరికా 2010లో తన కేంద్ర ప్రభుత్వ సంస్థలు జనానికి అర్థమయ్యేలా రాయాలని చట్టమే చేసింది. 2023లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ కూడా ఇలాంటి రాతకు ఒక ప్రమాణం తెచ్చింది. చదివేవాళ్లకు కావాల్సింది అందులో ఉండాలి, తేలిగ్గా దొరకాలి, అర్థం కావాలి, దాంతో పని జరగాలి అన్నవే దాని సూత్రాలు. పదాల తేలిక అందులో ఒక భాగం మాత్రమే.

ప్రకటన బయటికి వెళ్లే ముందు ఆఫీసుకు సంబంధం లేని ముగ్గురి చేత చదివించి, 'ఇప్పుడు మీరేం చేయాలి?' అని అడగండి. చెప్పలేకపోతే తిరిగి రాయాలి. ఇది నియమంగా ఉండాలి. అప్పటిదాకా మీ పత్రికైనా అలాంటి ప్రకటనల సారాన్ని మామూలు తెలుగులో పక్కనే అచ్చు వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు