ప్లేట్లు విప్పే ముందు ఆయిల్ సంగతి చూడు

నల్లగొండ,
ఆదివారం ఉదయం.

చిరంజీవి బిడ్డకు నాయన ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నిన్న రాత్రి నువ్వు ఫోనులో బండి గురించి చెప్పిన దగ్గర నుంచి నా మనసంతా ఆ మాటల మీదే ఉంది. ఇలాంటివి ఫోనులో చెప్తే సగం గుర్తుండవు. అదీ కాక రేపు అచ్చంపేటలో నీ బండి ముందు పాన పట్టుకుని కూర్చునే మనిషికి చూపించడానికి నీ చేతిలో ఒక కాగితం ఉండాలనిపించి, తీరిగ్గా కూర్చుని ఇది వ్రాస్తున్నాను.

నువ్వు చెప్పిన లక్షణాలను నేను విన్నట్టుగానే మళ్ళీ వ్రాస్తాను, ఎక్కడైనా తప్పుగా విని ఉంటే సరిచెయ్యి. రంగాపురం దాకా చదును దారిలో బండి బాగానే వస్తున్నది, అక్కడి నుంచి ఉమామహేశ్వరం గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తున్నదే తప్ప బండి లాగడం లేదు. పొద్దున చల్లని ఇంజన్‌తో బయలుదేరినప్పుడు అంతగా తెలియడం లేదు, రెండు మూడు ఊళ్ళు తిరిగి పత్తి చేలు చూసి వచ్చే వేళకు ఎక్కువవుతున్నది. మెకానిక్ బండిని ఒక్కసారి నడిపి చూసి, క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, సెట్టు మొత్తం మార్చాలన్నాడు. నేను నిన్ను అడిగింది ఒక్కటే, ఆయిల్ ఎప్పుడు మార్పించావని. పది రోజుల కింద దారిలో ఒక దుకాణంలో మార్పించానని, పెద్ద డబ్బాలోంచి కొలిచి పోశారని, అడిగితే 10డబ్ల్యూ-30 అనే చెప్పారని అన్నావు. అంతకు ముందు ఈ బాధ లేదనీ అన్నావు.

ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. క్లచ్ ప్లేట్లు పది రోజుల్లో అరిగిపోవు బిడ్డా. అవి వేల కిలోమీటర్ల మీద కొంచెం కొంచెంగా అరుగుతాయి, అరుగుతున్న కొద్దీ క్లచ్ లివర్ దగ్గర ఆట, అంటే బిగువు తగలక ముందు లివర్ ఊరికే కదిలే దూరం, తగ్గుతూ వస్తుంది, నెలల తరబడి అది మనకు సూచన ఇస్తూనే ఉంటుంది. నిన్నటి దాకా గట్టు ఎక్కిన బండి ఆయిల్ మార్చిన వారంలో ఎక్కనంటున్నదంటే, మొదట అనుమానించవలసింది కొత్తగా లోపలికి పోయిన ఆ ఆయిల్‌నే.

నువ్వు చిన్నప్పుడు డిపో గ్యారేజీకి అన్నం క్యారియర్ తెచ్చినప్పుడు, బస్సు కింద నుంచి క్లచ్ ప్లేటు దించడం చూసే ఉంటావు. బస్సుదీ కారుదీ పొడి క్లచ్. ఒకటే పెద్ద ప్లేటు ఇంజన్‌కూ గేరు పెట్టెకూ నడుమ వేరే గదిలో ఉంటుంది, అక్కడ నూనె చుక్క కూడా పడకూడదు. క్రాంక్ వెనుక ఆయిల్ సీలు కారి ప్లేటుకు నూనె తగిలిందంటే బస్సు ఎత్తు ఎక్కదు, ఆ పనిని నేను నా ఉద్యోగంలో లెక్కలేనన్ని సార్లు చేశాను. మోటారు సైకిల్ క్లచ్ అలాంటిది కాదు. మన స్ప్లెండర్‌లో ఫైబర్ ప్లేటు, ఇనుప ప్లేటు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి, స్ప్రింగులతో బిగించి, ఆ దొంతరనంతా ఇంజన్ ఆయిల్‌లోనే ఉంచారు. ఇంజన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ అదే ఆయిల్. ఫైబర్ ప్లేట్లు ఇంజన్ వైపు తిరుగుతాయి, ఇనుప ప్లేట్లు గేరు పెట్టె వైపు తిరుగుతాయి. లివర్ వదిలినప్పుడు స్ప్రింగులు ఆ రెంటినీ ఒత్తి నడుమనున్న ఆయిల్‌ను పిండేస్తాయి, కంటికి కనపడనంత పలుచని పొర మాత్రమే మిగులుతుంది. ఆ పొర ఎంత పట్టు ఇస్తుందన్న దాని మీదే బండి లాగడం ఆధారపడి ఉంటుంది. అందుకే మోటారు సైకిల్‌లో ఆయిల్ అనేది కేవలం నూనె కాదు, అది క్లచ్‌లో ఒక భాగం.

కారు ఆయిల్ తయారుచేసే వారికి ఈ బాధ లేదు. క్లచ్ వేరే గదిలో ఉంది కనుక, ఇంజన్ లోపల రాపిడి ఎంత తగ్గితే మైలేజీ అంత పెరుగుతుందని, లోహాన్ని అంటిపెట్టుకుని జారుడుతనం పెంచే మందులు ఆయిల్‌లో కలుపుతారు. కారుకు అది మేలే. అదే ఆయిల్ మన బండిలో పడితే ఆ మందులు పోయి క్లచ్ ప్లేట్ల మీద కూర్చుంటాయి. స్ప్రింగుల బలం తగ్గలేదు, ప్లేట్లు అరగలేదు, అయినా పట్టు పోతుంది. చదును మీద ఆ మిగిలిన పట్టు సరిపోతుంది, ఎత్తు మీదా బరువు మీదా చాలదు. ఒకసారి జారడం మొదలైతే ఆ రాపిడికి వేడి పుడుతుంది, వేడికి జారుడు ఇంకా పెరుగుతుంది. సాయంత్రానికి బండి మొరాయించడానికి కారణం ఇదే.

ఇక ఆ 10డబ్ల్యూ-30 సంగతి. దుకాణంలో నీకు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, మన బండి పుస్తకంలోనూ 10డబ్ల్యూ-30 అనే ఉంటుంది. కానీ ఆ అంకెలు ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో, చలిలో ఎలా పారుతుందో మాత్రమే చెప్తాయి. క్లచ్ పట్టు గురించి అవి ఒక్క మాట కూడా చెప్పవు. పక్కన ఉండే ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ అనే అక్షరాలు ఇంజన్‌కు ఇచ్చే రక్షణ గురించి చెప్తాయి, అవీ క్లచ్ గురించి కావు. క్లచ్ గురించి చెప్పేది జాసో అనే ముద్ర ఒక్కటే. జపాన్ వాళ్ళు ఈ చిక్కును ముందే గుర్తించి, 1998లో మోటారు సైకిల్ ఆయిల్ కోసం ప్రత్యేకంగా టి 903 అనే ప్రమాణం పెట్టారు. ఆయిల్‌లో ముంచిన క్లచ్ ప్లేట్లను యంత్రం మీద తిప్పి, పట్టు ఎంత ఉందో కొలిచి, ఎక్కువ పట్టు ఇచ్చే వాటికి ఎంఏ అని, తక్కువ ఇచ్చే వాటికి ఎంబీ అని పేరు పెట్టారు. 2006లో ఎంఏను మళ్ళీ ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు, వీటిలో ఎంఏ2ది ఎక్కువ పట్టు. మన బండికి కావలసింది ఎంఏ కుటుంబంలోది. ఎంబీ అనేది గేర్లు లేని స్కూటర్లకు, ఎందుకంటే వాటి క్లచ్ ఆయిల్‌లో ఉండదు. స్కూటర్ ఆయిల్ కూడా 10డబ్ల్యూ-30 పేరుతోనే, ద్విచక్ర వాహనాల ఆయిల్ పక్కనే అమ్ముతారు కనుక, కారు ఆయిల్ కన్నా అదే ఎక్కువ మోసపుచ్చుతుందని నా అభిప్రాయం.

ఇదంతా నాకు పుస్తకం చదివి తెలియలేదు. నువ్వు చిన్న బడిలో ఉన్నప్పుడు పక్కింటి వారి కారుకు ఆయిల్ మార్చగా డబ్బాలో లీటరుకు పైగా మిగిలితే, అంకెలు కలిశాయి కదా అని నేనే మన బండిలో పోశాను. ఆ తరువాతి వారం నిన్నూ మీ అమ్మనూ ఎక్కించుకుని చెర్వుగట్టుకు పోతుంటే, గట్టు మీదికి సగం దారిలో బండి అరిచి నిలబడింది. మీరిద్దరూ ఎండలో దిగి నడిచారు, నీకు గుర్తుందో లేదో. ఇంటికి వచ్చి ముందు క్లచ్ కేబుల్ బిగించాను. అది తప్పు, బిగిస్తే జారుడు ఇంకా పెరుగుతుంది. తరువాత ప్లేట్లూ స్ప్రింగులూ కొత్తవి తెచ్చి వేసి, తీసిన ఆయిల్ కొత్తదే కదా అని వడగట్టి మళ్ళీ అదే పోశాను. వారం తిరగకుండా కొత్త ప్లేట్లు కూడా జారాయి. డిపోలో నా కన్నా పెద్దాయన ఒకరు ఆ డబ్బా తెప్పించుకుని, వెనుక ఉన్న గుండ్రని ముద్ర కింది సగంలో ఎనర్జీ కన్జర్వింగ్, అంటే ఇంధనం ఆదా చేసేది, అన్న మాటను వేలు పెట్టి చూపించారు. ఆ మాట ఉంటే మోటారు సైకిల్‌లో పోయకూడదన్నారు. ఇప్పటి డబ్బాల మీద వచ్చే రిసోర్స్ కన్జర్వింగ్ అన్న మాట ఉన్నా అంతే. పారేయబోయిన పాత ప్లేట్లను వెర్నియర్‌తో కొలిస్తే అవి దాదాపు కొత్త వాటంత మందంగా ఉన్నాయి. ఆ నెల జీతంలో ఊరికే పోయిన ఆ డబ్బు కన్నా, మీ ఇద్దరినీ ఎండలో నడిపించిన సంగతే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కనుక నువ్వు ఈ వరుసలో చూడు. మొదట లివర్. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ, పూర్తిగా కుడికీ తిప్పి, రెండు వైపులా లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు వట్టి ఆట ఉందో లేదో చూడు. ఆట లేకపోతే లివర్‌ను నువ్వు ఎప్పుడూ కొంచెం పట్టుకుని నడుపుతున్నట్టే లెక్క, ప్లేట్లు పూర్తిగా ఒత్తుకోవు. కేబుల్ సర్ది మళ్ళీ నడిపి చూడు, కొన్నిసార్లు కథ అక్కడే అయిపోతుంది. నీ ఎడమ చేతి వేళ్ళు అలవాటుగా లివర్ మీద ఆనుకుని ఉంటున్నాయేమో కూడా గమనించుకో.

ఆట సరిగ్గానే ఉంటే ఇంజన్ బాగా వేడెక్కాక, వాహనాలు లేని దారిలో, నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి రేస్ పెంచు. చప్పుడూ వేగమూ కలిసి పెరగాలి. చప్పుడు ముందే ఎగిరిపోయి, స్పీడో ముల్లు నిదానంగా వెనుక వస్తే క్లచ్ జారుతున్నట్టు. ఇంజన్‌కు బలం తగ్గినప్పుడు కూడా బండి లాగదు, కానీ అప్పుడు చప్పుడు పెరగదు, ఇంజన్ బరువుగా గొణుగుతుంది. ఈ తేడా చెవికి పట్టిందంటే సగం నిర్ధారణ అయినట్టే. ముందు బ్రేకు పట్టి టాప్ గేరులో లివర్ వదిలి, ఇంజన్ ఆగుతుందో లేదో చూసే పద్ధతి ఒకటి మెకానిక్‌లు చేస్తారు. అది బాగా ముదిరిన జారుడునే పట్టిస్తుంది, ఆయిల్ వల్ల వచ్చే జారుడు దానికి దొరకకపోవచ్చు, పైగా ప్లేట్లకు మంచిది కాదు, వద్దను.

ఆ పైన ఆయిల్. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే కింది బోల్టు విప్పించి, పళ్ళెంలోకి పూర్తిగా దించు. వాసన చూడు. మాడిన వాసన, సన్నని నల్లటి పొడి ఎక్కువగా ఉంటే ప్లేట్లు కొంత కాలినట్టు, లేకపోతే ధైర్యంగా ఉండు. లోపల కడగడానికి కిరసనాయిలో డీజిలో పోస్తానంటే ఒప్పుకోకు. అది మూలల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. సీలు తీయని డబ్బా, వెనుక జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ అని స్పష్టంగా ఉన్నది, నీ కళ్ళ ముందు విప్పించి పోయించు. కొలకర్రను తుడిచి, మర బిగించకుండా ఊరికే దించి, పై గీత దాటకుండా చూసుకో. మైలేజీ పెంచుతుందనే చిన్న సీసా మందులేవీ కలపనివ్వకు, వాటిలో ఉండేదీ ఈ జారుడు మందే కావచ్చు.

ఒక్కసారి మార్చగానే బాగుపడకపోతే నిరాశ పడకు. పాత ఆయిల్ కొంత ఇంజన్ మూలల్లో ఉండిపోతుంది, ప్లేట్ల ఫైబర్ పీల్చుకున్నది వెంటనే వదలదు. గుట్టలు ఎక్కకుండా, వెనుక ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా ఒక 200 కిలోమీటర్లు నడిపి, మళ్ళీ వేడిగా దించి, అదే రకం ఆయిల్ మరోసారి పోయించు. రెండు డబ్బాల ఖర్చు ప్లేట్ల సెట్టూ కూలీ కలిపిన దాని కన్నా చాలా తక్కువ. నా బండికి రెండో మార్పుతోనే పట్టు తిరిగి వచ్చింది.

అప్పటికీ జారితే మాత్రం ప్లేట్లు విప్పించక తప్పదు. విప్పేటప్పుడు పక్కనే ఉండు. ఫైబర్ ప్లేట్ల మందం కొలిపించు, పైభాగం గాజులా మెరుస్తుంటే అవి పనికిరావు. ఇనుప ప్లేట్లను అద్దం ముక్క మీద పెట్టి, ఊగుతున్నాయేమో, నీలం రంగుకు తిరిగాయేమో చూడు. కొత్తవి వేస్తే వాటిని సరైన ఆయిల్‌లో బాగా నాననిచ్చి బిగించమని చెప్పు, పొడిగా వేస్తే మొదటి రోజే కాలుతాయి.

మెకానిక్‌తో కోపంగా మాట్లాడకు. దారిలో ఆయిల్ పోసిన మనిషీ చెడు తలంపుతో పోసి ఉండడు, నేను పోయలేదా. దించిన ఆయిల్‌ను మాత్రం కాలువలో గానీ గట్టున గానీ పారబోయనివ్వకు. అది నేలకు ఏం చేస్తుందో నాకన్నా నీకే బాగా తెలుసు. డబ్బాలో పట్టి దుకాణంలోనే పాత ఆయిల్ డ్రమ్ములో పోయించు.

ఈ పని అయ్యే దాకా దూరపు ఊళ్ళకు బస్సులోనే వెళ్ళు. మొదటి మార్పు అయ్యాక చదును దారిలో నాలుగో గేరులో చప్పుడూ ముల్లూ కలిసి లేచాయో లేదో ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పు. రెండో మార్పు తరువాత రంగాపురం నుంచి గుట్ట మీదికి ఒంటరిగా ఒకసారి ఎక్కి చూసి మళ్ళీ చెప్పు.

ఇట్లు,
నీ నాయన